పొత్తిగుడ్డ పాట

గద్వాలలో నేతగాళ్ల ఇండ్లకు నూలు కండెలు చుట్టే ఏసమ్మకు పాట సాగాలంటే పక్కన మగ్గం ఆడాలి. ఆ సంగతి ఆమెకే తెలియదు, ఆ డిసెంబరు దాకా.

ఆ నెల మొదట్లో ఆమె ఒక క్రిస్మస్ పాట కట్టింది. పనిగట్టుకుని కట్టింది కాదు. ఉమ ఇంట్లో రాట్నం తిప్పుతూ, ఇద్దరూ నవ్వుకోవడానికి ఒక్కో మాటా చేర్చుకుంటూ పోయింది. పుట్టిన యేసును చూడటానికి బయల్దేరిన ముగ్గురు జ్ఞానులు కొత్తకోటలో దిగుతారు. దాబాలో చాయ్ తాగి బెత్లెహేముకు తోవ అడుగుతారు. దాబా అతను ఆత్మకూరు బస్సు ఎక్కిస్తాడు. ఎలాగో పాక చేరి బంగారం, సాంబ్రాణి, బోళం బిడ్డ ముందు పెడితే, మరియమ్మ పక్కనున్న మంత్రసాని వాళ్లను నిలదీస్తుంది.

చలికాలం పుట్టినోనికి సాంబ్రాణేందిరో
మూరెడు బట్టన్న తేలేదేందిరో

ఉమ నేత ఇంటి కోడలు. యేసు కథ ఆమెకు ఏసమ్మ చెప్పగా విన్నంతే. ఆ చరణానికి మాత్రం మగ్గంలో ఆడే నాడె ఆపి నవ్వింది.

"నిజమే గదక్కా. గంత దూరంకెల్లి వచ్చిండ్రు. ఒక తువ్వాల తేవద్దా?"

ధరూరు తోవలో ఆటో నడిపే క్రాంతి కుమార్, ఏసమ్మ అక్క కొడుకు, పాట రికార్డు చేస్తానని ఫోన్ పట్టుకుని వచ్చాడు. తలుపులు మూశారు. ఫ్యాను ఆపారు. చప్పుడు పడకూడదని ఉమ మగ్గం గుంటలోంచి లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏసమ్మ పాడింది. మొదటి చరణం పరుగెత్తింది. రెండోది నడుమ నిలబడిపోయింది. మళ్లీ పాడింది. మళ్లీ అంతే.

"ఏమైంది చిన్నమ్మా? రోజూ మంచిగనే పాడ్తవు."

"తెల్వదు రా. కాళ్ల కింద నేల లేనట్టుంది."

ఉమకు తెలిసింది. మళ్లీ మగ్గం గుంటలోకి దిగింది. గద్వాల చీరలో నడుమ బట్ట నూలు, అంచు పట్టు. ఒక్కో పోగుకూ రెండింటినీ పెనవేయాలి. అందుకే అక్కడి మగ్గం ఒకే తీరుగా కొట్టదు. ఒక దెబ్బ. అంచు కలిసేదాకా ఆగుతుంది. తర్వాత వెంటవెంటనే రెండు దెబ్బలు. కుంటి నడక. ముప్పై ఏళ్లు ఏసమ్మ చెయ్యి దానితోనే తిరిగింది. మగ్గం మొదలవగానే పాట వచ్చి దాని మీద కూర్చుంది. క్రాంతి ఒక్కసారికే రికార్డు చేశాడు.

రెండు రోజుల్లో పాట వాడలో ప్రతి ఫోన్‌లో మోగింది. మూడో నాడు చర్చి సంఘ పెద్ద రామచంద్రయ్య ఏసమ్మను పిలిపించాడు.

"పాట మంచిగుంది చెల్లె. పండుగనాడు మందిరంల పాడు. కని ఆ తిట్టు తీసెయ్. జ్ఞానులను ఏందిరో అంటరా ఎవరన్న?"

"బట్ట తేనోళ్లను ఏమనాలె అన్నా?"

"ఆ టకటక గూడ వద్దు. మందిరంల మగ్గమేంది? కీబోర్డు ఉంది."

"పుట్టిన బిడ్డను పొత్తిగుడ్డల చుట్టిండ్రని మీరే చదువుతరు. గుడ్డ చెట్టుకు కాసిందా?"

"వాక్యంల లేంది చెప్పొద్దు."

"గుడ్డ వాక్యంలనే ఉంది అన్నా. నేసినోళ్లే లేరు."

రామచంద్రయ్య నవ్వలేదు. "తీసేస్తెనే మైకు" అన్నాడు.

ఏసమ్మ ఆ మందిరంలో ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునే మనిషి. మైకు ఆమె దాకా ఏనాడూ రాలేదు. బయటికి వచ్చాక క్రాంతి అదే అన్నాడు.

"ఒక్క చరణమే గద చిన్నమ్మా. పోతే పోనియ్. మొదటిసారి పిలుస్తుండ్రు నిన్ను."

"మైకు వాళ్లది. పాట నాది" అంది ఏసమ్మ.

పండుగనాడు పేరు పిలవగానే లేచి ముందుకు వెళ్లింది. చరణం తీసేశావా అని ఎవరూ అడగలేదు. తీసేసి ఉంటుందనుకున్నారు. కీబోర్డు నున్నగా సాగింది. దాని మీద పాట నిలవక జ్ఞానులు కొత్తకోటలో తడబడ్డారు, ఆత్మకూరులో తోవ తప్పారు. పిల్లలు నవ్వారు. పాటకు కాదు, ఆమెకు. అయినా మంత్రసాని దగ్గరికి వచ్చింది. చరణం ఎత్తుకుంది. రామచంద్రయ్య చెయ్యి ఊపాడు. మైకు ఆగిపోయింది. కీబోర్డూ ఆగింది.

అప్పుడు వెనక తలుపు మీద ఒక దెబ్బ పడింది. ఆగింది. మళ్లీ రెండు.

గడపకు అవతల, చెప్పులతోనే ఉమ నిలబడి ఉంది. పాట విందామని వచ్చి, పిలవని చోటికి లోపలికెలా పోవాలని అక్కడే ఆగింది. అరచేత్తో తలుపు చెక్కను కొడుతోంది. ఒకటి. ఆగి, రెండు.

ఏసమ్మ పాట మొదటి నుంచి ఎత్తుకుంది. కొత్తకోట, దాబా, చాయ్, బస్సు. ఈసారి ఎవరూ తడబడలేదు. ఉత్త గొంతు మందిరమంతటికీ సరిపోయింది. మంత్రసాని చరణం రెండుసార్లు పాడింది. రెండోసారి పెద్దలు కూర్చున్న మొదటి వరుసను చూస్తూ పాడింది.

దిగి వస్తుంటే రామచంద్రయ్య మెల్లగా అన్నాడు. "చెప్పిన మాట వినవు గద."

"విన్న అన్నా. ఒప్పుకోలె."

తన వరుస దాటి తలుపు దాకా నడిచింది. ఉమ అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. ఏసమ్మ ఆమె పక్కన, గడపకు అవతలే నిలబడింది. మిగతా ఆరాధన అక్కడి నుంచే విన్నది.