ఆ స్తంభాలు ఇనుమువి కావు

నిరుడు వేసవిలో నేనూ నా భార్య సునీతా శాన్‌ఫ్రాన్సిస్కోలో విక్టోరియా కాలపు ఇళ్లను చూపించే వాకింగ్ టూర్‌కు వెళ్లాము. చివరి ఇంటి యజమానురాలు ఆ ఒక్కరోజు లోపలి చెక్కడపు మెట్లను చూడనిస్తానన్నారు. సునీత వచ్చింది వాటి కోసమే.

ఆ ఇంటి ముందు గైడ్, "ఈ స్తంభాలు పోత ఇనుముతో చేసినవి" అన్నాడు. లోహశాస్త్రం చదివిన నాకు, రంగు పగుళ్ల తీరు చూడగానే అవి చెక్కవని అనిపించింది. ఆధారమేమిటని అడిగాను.

"అందరూ అలాగే చెబుతారు సార్" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"ప్లీజ్ అండీ, టూర్ స్పాయిల్ చేయకండి. మెట్లు చూసి వెళ్లిపోదాం" అని సునీత నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని గేటు దాటి వెళ్లి, అప్పుడే కొన్న ఫ్రిజ్ మాగ్నెట్‌ను స్తంభానికి ఆనించాను. అది జారి కింద పడింది.

"చూశారా!" అని అరిచాను.

తలుపు తెరుచుకుంది. "నా వరండాలోకి మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అని గద్దించిన యజమానురాలు, గైడ్ ఎంత బతిమాలినా వినకుండా తలుపు వేసేసుకున్నారు.

"ఇనుమైతేనేం, చెక్కైతేనేం? ఆ ఇల్లేమన్నా మనం కొంటున్నామా?" అంది సునీత, కళ్లు తుడుచుకుంటూ.

నేను చెప్పిందే నిజమైంది. అయినా ఆ నిజం నాకు తప్ప అక్కడ మరెవరికీ అక్కరలేదన్న సంగతి ఇప్పటికీ మింగుడుపడడం లేదు.