రాజావారి ఇల్లు, నా తలస్నానం

ఒక మగవాడు పట్టపగలు బుద్ధిగా తలస్నానం చేస్తే ఇల్లు కొల్లేరవుతుందా? అవుతుంది. మా ఇల్లు అయింది. ఎలా అయిందో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. అమెరికాలో మా ఊరు నోవైలో మాత్రం ఎవరికీ చెప్పకండి. ఇక్కడ నేనింకా కాస్త పరువున్న ఇంజినీర్ని.

ఏడేళ్ళ కిందటి మాట. మా అమ్మాయి మేఘనకి అప్పుడు పదేళ్ళు. పెంచుకోవడానికి ఏదో ఒక జంతువు కావాలని రెండేళ్ళుగా పోరుతోంది. కుక్క వద్దని మా ఆవిడ సుధ, పిల్లి వద్దని నా తుమ్ములు. చివరికి తల్లీకూతుళ్ళు రాజీపడింది క్రెస్టెడ్ గెకో దగ్గర. పేరు విని అదేదో అపురూపమైన ప్రాణి అనుకున్నాను. ఫోటో చూపించారు. బల్లి! కళ్ళ మీద రెప్పవెంట్రుకల్లా చిన్న ముళ్ళు, తల మీద కిరీటం. అంటే పెళ్ళికి ముస్తాబైన బల్లి అన్నమాట. ఆ కిరీటం చూసే మేఘన దానికి ముందుగానే రాజా అని పేరు పెట్టేసింది.

రాజాకి ఇల్లెలా ఉండాలో నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా. నిలువుగా ఎత్తుగా ఉండే గాజుపెట్టె, ఎక్కడానికి కొమ్మలు, దాక్కోడానికి గుబురుగా ఆకులున్న మొక్క, రోజూ నీళ్ళ తుంపర. అన్నిటికన్నా కింద, ఎర్ర ఇంకుతో, 'నో హీట్ ల్యాంప్' అని.

నేనా కాగితం చూసి నవ్వాను. ఎందుకు నవ్వనండీ? నా ఉద్యోగమే కార్లలో ఏసీలు, హీటర్లు డిజైన్ చేయడం. పైగా నేను పుట్టి పెరిగింది తెనాలిలో.

"నువ్వు నాకు బల్లుల గురించి చెప్తావుటే? మా ఇంట్లో గదికి మూడుండేవి!"

"డాడీ, ఇది వేరే కైండ్. హీట్ ఎక్కువైతే సిక్ అవుతుంది."

"బల్లి బల్లేనమ్మా. బయట చూడు, మోకాలి లోతు మంచు. పాపం దానికి చలెయ్యదూ?"

"నో! నా లిస్ట్‌లో ఉన్నట్టే చేస్తానని ప్రామిస్ చెయ్యి."

"సరే, ప్రామిస్."

గురువారం సాయంత్రం రాజా అట్టపెట్టెలో దిగాడు. మర్నాడు నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. సుధ ఆఫీసుకి వెళ్ళిపోయింది. మేఘన స్కూల్ బస్ ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "రాజా నా రెస్పాన్సిబిలిటీ డాడీ. టుడే మాత్రం నీది," అని మరీ చెప్పి వెళ్ళింది.

పని మొదలెట్టాను. స్నేహితుడిచ్చిన పాత చేపల తొట్టి ఒకటి గరాజ్‌లో పడుంది. పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. నిలువూ అడ్డమూ మనకి గానీ బల్లికేం తెలుస్తాయి? ఇక కొమ్మలంటారా, మా తెనాలి బల్లులు ఏనాడూ కొమ్మ ఎక్కిన పాపాన పోలేదు. ట్యూబ్‌లైట్ పక్కన, లేకపోతే క్యాలెండర్ వెనక, అంతే వాటి కాపురం. అందుకని తొట్టి మీద చిన్న ట్యూబ్‌లైట్ బిగించాను. ఎర్ర ఇంకు గుర్తొచ్చింది గానీ, పక్కనే ఒక వేడి బల్బు కూడా పెట్టేశాను. ఇండియన్ గ్రాసరీ షాపులో ఇచ్చిన తెలుగు క్యాలెండర్ తీసుకొచ్చి తొట్టి లోపల వేలాడదీశాను. వెనక్కి జరిగి చూసుకుంటే అచ్చం తెనాలిలో మా హాలు. నా కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

రాజాని లోపల వదిలాను. తిన్నగా వెళ్ళి క్యాలెండర్ వెనక దూరాడు. "చూశారా!" అన్నాను, చూడడానికి ఇంట్లో ఎవరూ లేకపోయినా.

మధ్యాహ్నానికి తొట్టిలో థర్మామీటర్ తొంభై ఫారెన్‌హీట్, అంటే మన ముప్ఫై రెండు డిగ్రీలు, చూపించింది. తెనాలి లెక్కలో అదొక వేడే కాదు. రాజా మాత్రం బయటికొచ్చి, గాజుకి అతుక్కుని, నోరు తెరిచాడు. నవ్వుతున్నాడనుకుని నేనూ నవ్వాను. ఎంతసేపటికీ ఆ నోరు మూతపడకపోయేసరికి అనుమానమొచ్చి, బల్బు ఆపి, మూత తీసి, తల లోపలికి పెట్టాను.

ఈ జాతి బల్లులు గెంతుతాయన్న సంగతి నాకప్పుడే తెలిసింది. టప్పుమని వచ్చి నా నడినెత్తిన పడ్డాడు.

నెత్తిన బల్లి పడితే తెలుగువాడేం చేస్తాడో మీకు చెప్పక్కర్లేదు. మాస్టర్స్ డిగ్రీ గానీ, ఇన్నేళ్ళ అమెరికా గానీ నాకు అడ్డు రాలేదు. కెవ్వున అరిచి, వాణ్ణి తొట్టిలోకే విదిలించి, బాత్‌రూమ్‌లోకి పరుగెత్తాను. షాంపూతో ఒకసారి, అనుమానంతో రెండోసారి తల రుద్దుకున్నాను. తడి తలతోనే దేవుడి దగ్గర దీపం పెట్టాను. అప్పుడు తొట్టిలోంచి క్యాలెండర్ తీసి, వెనక పేజీలో బల్లిపాటు ఫలితాలు వెతికాను. మగవారికి తల మీద పడితే కలహం అని ఉంది. ఇంట్లో ఉన్నది నేనొక్కడినే, ఇక కలహం ఎవరితో? నవ్వుకుంటూ క్యాలెండర్ మళ్ళీ తగిలించబోయాను.

తొట్టిలో రాజా లేడు. మూత నేను తీసినట్టే తీసి ఉంది.

సోఫా తిరగేశాను. చెప్పుల అల్మరా ఖాళీ చేశాను. బియ్యం బస్తా కిందా, ఫ్రిజ్ వెనకా పాకాను. చివరికి సుధకి ఫోన్ చేశాను.

"సుధా, రాజా కనిపించడం లేదు."

"మూత ఎందుకు తీశారు?"

"అది కాదు, నా తల మీద పడ్డాడు."

"పడితే?"

"తలస్నానానికి వెళ్ళాను."

"పోనీ, మూత వేసి వెళ్ళారా?"

ఫోన్ చెవిన పెట్టుకునే వెళ్ళి, అప్పుడు మూత వేశాను.

"ఏవండీ, వాడు గరాజ్‌లోకి గానీ దూరితే ఈ చలికి బతకడు. పిల్ల వచ్చేలోగా వెతకండి!"

వెతుకుతూనే ఉన్నాను, స్కూల్ బస్ వచ్చేసింది. మేఘన బ్యాగ్ కూడా దించకుండా తొట్టి దగ్గరికి వెళ్ళింది.

"డాడీ, ఇందులో క్యాలెండర్ ఎందుకు ఉంది? నీ హెయిర్ ఎందుకు వెట్‌గా ఉంది? రాజా ఏడి?"

జరిగినదంతా చెప్పాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "యూ ప్రామిస్డ్, డాడీ," అంది. అరిచినా బాగుండేది. ఆ చిన్న గొంతుకి నాకు నిజంగా సిగ్గేసింది, భయం కూడా వేసింది.

అది కళ్ళు తుడుచుకుని నోట్‌బుక్ తెరిచింది. "రాజాకి ఏం కావాలి? పైకి ఎక్కడానికి కొమ్మలు. లీవ్స్. వాటర్ స్ప్రే. నో హీట్." చదువుకుంటూ ఇల్లంతా తిరిగి, డైనింగ్ టేబుల్ పక్కన ఆగిపోయింది.

అక్కడుంది సుధ కరివేపాకు మొక్క. మిషిగన్‌లో కరివేపాకు మొక్కని పెంచడమంటే చంటిపిల్లని సాకడమే. చలికాలమంతా ఇంట్లోనే ఉంచాలి, హీటర్ గాలి తగలనివ్వకూడదు, పొద్దున్నే ఆకుల మీద నీళ్ళు చిలకరించాలి. నాకు రెండు రెమ్మలు తుంచుకునే అధికారం కూడా లేదు. ఆ గుబురు మధ్య, కొమ్మ మీద తీరిగ్గా కూర్చుని, నాలుకతో తన కన్ను తానే నాక్కుంటూ, రాజా!

మేఘన లిస్టంతా కుండీలో నిలబడి ఉంటే, రోజూ దాని పక్కనే కూర్చుని ఇడ్లీలు తిన్న మేధావిని నేను.

సాయంత్రం సుధ వచ్చింది. క్యాలెండర్ చెప్పిన కలహం సరిగ్గా ఆరింటికి మొదలైంది. వంతులవారీగా ఇద్దరూ పెట్టిన చీవాట్లు తలవంచుకుని తిన్నాను. అంతా అయ్యాక సుధ ఆ మొక్కనీ రాజానీ కాసేపు చూసింది. కుండీలో వచ్చిన పిలకని, ఎంతమంది స్నేహితురాళ్ళు అడిగినా ఇవ్వని పిలకని, వేరుతో సహా తీసి, రాజా ఇంట్లో నాటమని మేఘన చేతిలో పెట్టింది. మర్నాడు నిలువు పెట్టె కొనుక్కొచ్చి, ఎర్ర ఇంకుతో సహా నోట్‌బుక్‌లో ఉన్నట్టే ఇల్లు కట్టాం. మేఘన ఇంజినీరు, నేను స్క్రూడ్రైవర్ అందించే హెల్పర్ని. ఇంత తృప్తిగా నేను ఆఫీసులో కూడా ఎప్పుడూ పనిచేయలేదు.

రాజా ఇప్పటికీ ఆ కరివేపాకు నీడలోనే దర్జాగా ఉన్నాడు. మేఘన కారు నడిపేంతదైంది. క్యాలెండర్‌ని నేను తప్పుపట్టను, కలహం అన్నది, అయింది. ఎంతకాలమో మాత్రం రాయలేదు. ఇంటికి ఎవరొచ్చినా తల్లీకూతుళ్ళు ఈ కథ విప్పకుండా కాఫీ ఇవ్వరు.

అంచేత దీపం సాక్షిగా, తడి తల సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో నా నెత్తిన మళ్ళీ బల్లి పడితే, దాన్ని రెండు చేతులా భద్రంగా దించి, దాని ఇంట్లో పెట్టి, మూత వేసి, వేసినట్టు మేఘనకి ఫోటో పంపి, అప్పుడు గానీ తల తడుపుకోను.