ఒట్టన్‌చత్రంలో దిగని ప్రయాణం

పొద్దున ఆరుంపావుకి కోయంబత్తూరు సింగానల్లూరు బస్టాండులో మదురై బస్సు ఎక్కాను. వెళ్లదలచుకున్నవాళ్లకు ఈ బస్సే మేలు. ఆ వేళకు సీట్లు దొరుకుతాయి. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ కూడా తగలదు. మా ఆయన స్కూటరు మీద తెచ్చి దింపి, సంచిలో ఇడ్లీ పొట్లం, నీళ్ల సీసా ఉన్నాయో లేదో చూసి, "దిగంగానే ఫోన్ చెయ్యి," అన్నాడు. మామూలుగా అన్నదే. నాకు మాత్రం ఆ దిగడం అన్న మాట గుచ్చుకుంది.

పెళ్లిళ్లకూ పేరంటాలకూ అందరితో కలిసి కారులోనో రైల్లోనో మదురై చాలాసార్లు వెళ్లాను. ఒంటరిగా బస్సులో బయలుదేరడం మాత్రం ఇది రెండోసారి. మొదటిసారి నాకు ఇరవై మూడేళ్లు, ఇప్పుడు యాభై నాలుగు. ఆ మొదటిసారి నేను మదురై చేరనేలేదు.

మావి వందల ఏళ్ల కిందట తెలుగుసీమ నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదవడం రాయడం వచ్చినవాళ్లు తక్కువ. నాకు మా నాయన నేర్పాడు. మాకు చిన్న లేత్ పట్టర, అంటే మోటారు సామాన్లు చేసే కార్ఖానా, ఉండేది. పని సద్దుమణిగాక ఇనుప రేకు మీద సుద్దముక్కతో అక్షరాలు రాసిచ్చేవాడు. నేను దిద్దడం అయ్యాక నూనెగుడ్డతో తుడిచి మళ్లీ రాసేవాడు. ఈనాటికీ తెలుగు అక్షరం రాస్తుంటే మెషిన్ ఆయిల్ వాసన వచ్చినట్టే ఉంటుంది. ఆ ఇష్టంతోనే పదేళ్లుగా మా వీధుల్లో పెద్దవాళ్లు మాట్లాడే పాత మాటలను నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నాను.

ఈ సంగతి తెలిసి మదురైలో ఒక కళాశాల తెలుగు అధ్యాపకురాలు తన విద్యార్థులతో గంటసేపు మాట్లాడమని పిలిచింది. మొదటిసారి మోకాలి నొప్పి అన్నాను. రెండోసారి బంధువుల పెళ్లి అన్నాను. నొప్పీ లేదు, పెళ్లీ లేదు. మూడోసారి ఆమె మా విజయక్కను పట్టుకుంది. విజయక్క మా పెద్దనాన్న కూతురు, మదురైలోనే కాపురం. అక్క ఫోన్ చేసి, "రాజీ, నేనే మాటిచ్చేసినా. నువ్వు వచ్చేతీరాల," అంది. అక్క మాట నేను కాదనలేను. ఎందుకు కాదనలేనో తర్వాత చెబుతాను.

ఏడింటికి పల్లడం వచ్చింది. కోళ్ల లారీలు, మగ్గాల చప్పుడు. అక్కడి నుంచి తారాపురం దాకా పొలాల్లో గాలిమరలు తిరుగుతుంటాయి. నా చిన్నప్పుడు ఇటు వస్తే జొన్న చేలు, తాటిచెట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. మా నాయన ఈ దారిలోనే మోటారు సామాన్లు వేసుకుని వెళ్లి, వస్తూ వస్తూ తాటి ముంజెలు తెచ్చేవాడు.

ఎనిమిదింటికి తారాపురం. పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ తిన్నాను. అక్కడ ఒకావిడ పెద్ద స్టీలు క్యారియరు పట్టుకుని ఎక్కి నా పక్కన కూర్చుంది. అరవై ఉంటాయి. ఫోనులో ఎవరినో, "పొద్దెక్కేలోగా ములక్కాయలు బండికి ఎక్కించండ్రా," అని గదిమింది. అది మా ఇంటి తెలుగే. నేను పలకరించాను. పేరు రంగమ్మ. ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు వారానికి మూడుసార్లు తమ తోట కాయ వస్తుందట, బేరం ఆవిడే చేస్తుందట.

"మీరే మాట్లాడతారా అంతమంది మగవాళ్లలో?"

"ఇప్పుడు మాట్లాడతా. ముందు మూడేండ్లు కాయ నాది, నోరు మా మరిదిది. నేను నోరు తెరిస్తే నవ్వుతారేమో అని రొంబ బయం. ఒకనాడు మరిదికి జొరం. లోడు వచ్చి నిలబడింది. ఏం చేస్తా? అరిచినా."

"నవ్వినారా?"

"నవ్వినారు. రెండు దినాలు నవ్వి వాళ్లే చాలించినారు."

నన్నెక్కడికని అడిగింది. చెప్పాను. కళాశాలలో పాఠమా అని ఆశ్చర్యపోయి, కొంగుతో నా సంచి మీది ధూళి తుడిచింది. అంత మర్యాద నాకు తగదనిపించింది. సంచిలోని కాగితాలు తీసి చూసుకున్నాను. పుస్తకాల భాషలో పన్నెండు పేజీలు రాసుకున్నాను. ఏ వాక్యం చూసినా తప్పుగానే కనిపించింది.

తొమ్మిది దాటాక ఒట్టన్‌చత్రం. పది నిమిషాలే ఆగుతుందని కండక్టరు, "పత్తు నిమిషం దాన్!" అని అరిచి టీకి దిగిపోయాడు. ఎర్రగడ్డల ఘాటు, పచ్చి కూరల వాసన. ముప్పై ఒక్క ఏళ్ల కిందట కూడా ఇదే వాసన.

ఆ రోజు నేను మదురైలో తెలుగు ఎం.ఏ. ఇంటర్వ్యూకి వెళుతున్నాను. పంపించింది నాయనే. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అసలు ఏడుపు అక్కడే. ఎవరైనా వద్దని ఉంటే ఆ పేరు చెప్పుకుని బతికేదాన్నేమో. బస్సులో కూర్చుని, అడిగేవాళ్లు ఆంధ్రా నుంచి వచ్చిన పెద్దలు, నా యాస విని నవ్వుతారు అని ఊహించుకుంటూ వచ్చాను. ఇక్కడ బస్సు ఆగితే తలనొప్పి అని దిగిపోయాను. మార్కెట్టులో ఖాళీ గోనెల మీద మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చుని, తిరుగు బస్సెక్కి ఇంటికి వచ్చాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మదురై బస్టాండుకు విజయక్క వచ్చి నన్ను తీసుకువెళ్లాలని ఏర్పాటు. ఇంట్లో నేను ఏం చెప్పానంటే, "అక్క రాలేదు. రెండు గంటలు నిలబడినా. ఊరు తెలీక తిరిగి వచ్చేసినా," అని. నాయన కాసేపు నన్నే చూసి, "సరేమ్మా," అన్నాడు. వారానికి అక్క దగ్గర నుంచి జాబు వచ్చింది. ఆ రోజు బిడ్డకు ఒళ్లు వెచ్చబడి తాను మూడు గంటలు ఆలస్యంగా వచ్చిందట. నా చదువు పాడుచేసిన పాపం తనదేనట. నా అబద్ధానికి అక్కే సాక్ష్యం పంపింది. నేను "పర్వాలేదక్కా" అని జవాబు రాశాను. నా జీవితంలో రాసిన వాటిలో అంత నీచమైన మాట ఇంకొకటి లేదు.

ఇదంతా తలుచుకుంటూ ఎప్పుడు లేచానో తెలియదు. సంచి భుజానికి తగిలించుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. ముందు దిగిన రంగమ్మ వెనక్కి తిరిగింది.

"మదురైకి టికెట్టు తీసుకొని ఈడ దిగుతాండావేమి?"

"తలనొప్పిగా ఉండాది. ఇంకోసారి పోదామని..."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇంటికి పోయే బస్సులో తలనొప్పి పోతుందా ఏమి? పోయి కూర్చో. కాఫీ తెస్తా."

నిజంగానే తెచ్చింది. కిటికీలోంచి గ్లాసు అందించి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది. కాపలా కాసినట్టు నిలబడింది అనాలి. ఖాళీ గ్లాసు తిరిగి తీసుకుంటూ, "నవ్వితే నవ్వనీ. నవ్వడం కూడా వాళ్లకు ఎంతసేపని?" అంది. ఆవిడ లేకపోతే నేను దిగిపోయి ఉండేదాన్నా? దిగిపోయే ఉండేదాన్ని. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

దిండుక్కల్లులో పూలబుట్టలు ఎక్కాయి. పదకొండుంపావుకి మదురై ఆరప్పాళయం బస్టాండులో దిగాను. విజయక్క మెట్ల పక్కనే ఉంది. అరవై రెండేళ్ల మనిషి, చెమటకు జాకెట్టు తడిసిపోయింది.

"ఎప్పుడొచ్చినావక్కా?"

"తొమ్మిదిన్నరకే. ఈసారన్నా లేటు కాకూడదని."

టౌను బస్సులో నాయక రాజుల పాత మహలు దగ్గర దిగి, సందులోని అక్క ఇంటికి నడిచాం. ఆ వీధుల్లో ఒకప్పుడు ఇంటింటా తెలుగు వినిపించేదట. ఇప్పుడు వరుసగా నగల పెట్టెల దుకాణాలు. అయినా ఒక ముసలాయన అక్కను చూసి, "చెల్లెలు వచ్చినాదా?" అని అడిగాడు. భోజనంలో చారు, అరటికాయ వేపుడు, నాకిష్టమని కందిపచ్చడి. రెండు ముద్దలు కూడా దిగలేదు.

రెండున్నరకు కళాశాల. ఇరవై మంది దాకా పిల్లలు, ఎక్కువ మంది అమ్మాయిలే. కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీలో ఒక సంస్కృత సమాసం దగ్గర నాలుక తిరగక రెండుసార్లు తడబడ్డాను. వెనక బల్లలో ఎవరో నవ్వారు. ఇన్నేళ్లు నేను భయపడిన నవ్వు అదే. చిన్నగా, ఒక క్షణం వినిపించి ఆగిపోయింది. నేను నీళ్లు తాగి మళ్లీ చదివాను. పిల్లలకు విసుగు పుడుతోందని తెలుస్తూనే ఉంది.

పావుగంటకు తేని జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మా అవ్వ సాయంత్రాన్ని మాపు అంటుంది. ఈడ చేరినాక నేను ఆ మాట మానేసినా. మాపు తప్పా?"

"తప్పేమి? రేపూ మాపూ అని వాయిదాలు వేస్తామే, ఆ మాపే ఇది," అన్నాను. "పాత తెలుగులో రేపంటే పొద్దున, మాపంటే పొద్దుగుంకే వేళ. మీ అవ్వ దగ్గర ఇంకేమేం మాటలు ఉండాయి?"

ఆ అమ్మాయి చెప్పింది. పక్క అమ్మాయి తమ ఇంటి మాట చెప్పింది. వెనక నవ్విన కుర్రాడే లేచి, తాత తిట్టే తిట్టు ఒకటి చెప్పి అందరినీ నవ్వించాడు. కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి. నేను మా ఇంటి తెలుగులోనే మాట్లాడుతున్నానని చాలాసేపటికి గాని గమనించలేదు. గంట అనుకున్నది రెండు గంటలైంది.

బయటికి వస్తుంటే అధ్యాపకురాలు, "నెలనెలా వస్తారా? పిల్లల చేత వాళ్ల ఇళ్లలోని మాటలు రాయిద్దాం," అంది. ఇంట్లో అడిగి చెబుతాను అన్న మాట నాలుక చివరికి వచ్చింది. ఇంట్లో వద్దనేవాళ్లెవరూ లేరని నాకు తెలుసు. "వస్తా. రెండో శనివారం రాసుకోండి," అన్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అక్క తిన్నె మీద కూర్చుని మల్లెపూలు కడుతోంది. సంతోషంగా ఉంది. "నిన్న టీచరమ్మ చెప్పింది, రొంబ బాగా మాట్లాడినావంట. అప్పుడే నేను వేళకు వచ్చి ఉంటే..." అంది.

ఇక మింగలేకపోయాను. "అక్కా, ఆ రోజు నేను మదురైకి రానేలేదు. ఒట్టన్‌చత్రంలో దిగిపోయినా. నీ మీద అబద్ధం చెప్పినా."

అక్క చేతిలో దారం ఆగిపోయింది. మొదట అర్థం కానట్టు చూసింది. "రాలేదా? బస్టాండుకే రాలేదా?"

"రాలేదు."

"నేను ఆ దినం సాయంకాలం దాకా వెదికినా. బిడ్డ జొరంతో చంకలో ఉండాది. బస్సు బస్సుకీ ఎక్కి చూసినా." పూలు పక్కకు నెట్టింది. "అప్పుడు నా దగ్గర నలుగురు పిల్లలు కుట్టు నేర్చుకొంటా ఉండ్రి. తెలుసునా? పెద్ద క్లాసుగా పెడదామని గది కూడా చూసినా. అంతా వదిలేసినా. సొంత చెల్లెలినే వేళకు చూసుకోలేనిదాన్ని, ఊరి బిడ్డల బాధ్యత నాకెందుకని."

నాకు ఇది తెలియదు. నా భయం నన్ను ఒక్కదాన్నే కట్టేసిందనుకున్నాను. అక్క కాళ్లు పట్టుకోబోయాను. లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. గంటసేపు వంటింట్లోంచి గిన్నెల చప్పుడు తప్ప మరేమీ లేదు. తొమ్మిదింటికి కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది, పక్కన కూర్చోలేదు. "పోయి వస్తా అక్కా," అంటే తల ఊపింది. ముప్పై ఒక్క ఏళ్లు మోసిన బరువుకు ఒక కప్పు కాఫీలో మన్నింపు కలిపి ఇవ్వాలని అడిగే ముఖం నాకు లేదు.

పదింటికి ఆరప్పాళయంలో కోయంబత్తూరు బస్సెక్కాను. దిండుక్కల్లు దాటింది. ఒట్టన్‌చత్రంలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. రంగమ్మ కనిపించలేదు, అది ఆవిడ వచ్చే రోజు కాదు. లారీల మీదికి మూటలు ఎక్కిస్తున్నారు. ఇంత చిన్న చోటా నన్ను ఇన్నేళ్లు పట్టి ఉంచింది అనిపించింది. ఈ ప్రయాణంలో నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. ఆడవాళ్ల దారికి అడ్డంపడేవాళ్లు బయట చాలామందే ఉంటారు. వాళ్లు లేని చోట కూడా మనమే లేచి బస్సు దిగుతాం, దిగినందుకు కారణం ఇంకొకరి నెత్తిన పెడతాం. ఆ ఇంకొకరు తరచు మరో ఆడమనిషే.

తారాపురంలో భోజనానికి బస్సు ఆగినప్పుడు ఫోను మోగింది. అక్క.

"తిన్నావా?"

"లేదక్కా."

"తిను." ఫోనులో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. "రెండో శనివారం వస్తావంట కదా."

"వస్తా అక్కా."

"బస్టాండుకు నేను రాను. పనుండాది నాకు. ఇద్దరు పిల్లలకు కుట్టు చెప్తానని ఎదురింటామెతో ఇప్పుడే అన్నా. నువ్వే టౌను బస్సెక్కి రా."

ఆమె గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుని, అన్నం తినడానికి దిగాను.