ఎర్రచుక్క అక్క డిగ్రీ సినిమా

ఆ క్రైస్తవ కళాశాలలో మీడియా ప్రొడక్షన్ డిగ్రీ చదివే పిల్లలు ప్రిన్సిపాల్‌కి భయపడరు. బైబిల్ క్లాసు చెప్పే పాస్టరుగారికి అసలే భయపడరు. కెమెరాల గది కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోళ్ళు మూతపడతాయి. ఆ కిటికీ వెనక కూర్చునే ఆవిడని అందరూ ఎర్రచుక్క అక్క అంటారు. కెమెరా ఇచ్చేటప్పుడు రికార్డవుతోందని చెప్పే ఎర్రచుక్క తెర మీద చూసుకున్నాకే నోరు విప్పమని ప్రతివాడికీ చెబుతుంది. దాదాపు ముప్పై ఏళ్లుగా అదే పోరు, చెవిలో ఇల్లు కట్టుకుని మరీ.

దానికి కారణం లేకపోలేదు. రికార్డు బటన్ ఒక్కటే. ఒకసారి నొక్కితే మొదలవుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. కంగారులో రెండుసార్లు నొక్కారా, ఇక అంతా తలకిందులే. మనిషి మాట్లాడుతున్నంతసేపూ కెమెరా నిద్రపోతుంది, ఆపేశామనుకుని నొక్కగానే మేలుకుంటుంది. అలా ఇంటర్వ్యూకని వెళ్లి, గంటసేపు తమ చెప్పులూ మెట్లూ షూట్ చేసుకొచ్చిన మహానుభావుల్ని ఆవిడ ఎంతమందినో చూసింది. చూసిన ప్రతివాడికీ తలంటి పంపింది.

నలభై నాలుగో ఏట ఆవిడే ఆ డిగ్రీలో చేరింది. పనిచేసేవాళ్ళు ఫీజు లేకుండా చదువుకోవచ్చని ప్రిన్సిపాల్ పొద్దుటి ప్రార్థనలో చెప్పాడో లేదో, మర్నాడే దరఖాస్తు పెట్టేసింది. మీడియా ప్రొడక్షన్, చరిత్ర, మనస్తత్వశాస్త్రం, వీటికి తోడు వారానికి రెండు గంటల బైబిల్. పొద్దున పిల్లల పక్కన బెంచీ మీద కూర్చునేది, మధ్యాహ్నం ఆ పిల్లలకే కెమెరాలిచ్చేది. మిగతావి ఎలాగో నడిచాయి కానీ చరిత్రలో తేదీలు ఆవిడ ప్రాణం తోడేశాయి. ఒకసారి తప్పింది కూడా. పరీక్షలో చూసి రాసుకోమన్న పక్క బెంచీ పిల్లని చెడామడా తిట్టి, ఆ తర్వాతి వారం ఆ పిల్ల దగ్గరే నోట్సు అడిగి తీసుకుంది.

చివరి ఏడాది ఎవరికి వారు పదిహేను నిమిషాల డాక్యుమెంటరీ తీసివ్వాలి, లేకపోతే డిగ్రీ లేదు. ఇంట్లో ఇంతవరకూ జవాబు దొరకని ప్రశ్న ఒకటి కెమెరా ముందు అడగాలని పాఠం చెప్పే మేడమ్ షరతు పెట్టింది. పిల్లలు బుర్రలు గోక్కున్నారు. ఆవిడకి ఆ అవసరం రాలేదు.

వాళ్ళ నాన్న ఒకప్పుడు అదే కళాశాల ప్రార్థన మందిరంలో మైకులూ లైట్లూ చూసేవాడు. ఆవిడ పదిహేడేళ్లప్పుడు అక్కడే డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. సీటు రాలేదని నాన్న చెప్పాడు. తక్కువ మార్కులొచ్చిన స్నేహితురాలికి మాత్రం వచ్చింది. ఏడాది తిరక్కుండానే నాన్న ఆవిడని కెమెరాల గదిలో పనికి పెట్టించాడు. సీటు ఎందుకు రాలేదని ఎప్పుడడిగినా నీళ్లు నమిలేవాడు. తన బుర్రకి చదువెక్కదని ఆవిడ అప్పుడే తీర్మానించుకుంది, ఇన్నేళ్లూ అలాగే బతికింది. డిగ్రీ కావాలి, నిజమే. ఆ జవాబు అంతకంటే ఎక్కువ కావాలి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్నని ముందుగదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఆయన లేచిపోతాడేమోనని కంగారు. బటన్ నొక్కి, ఆయన ఎదురుగా కూర్చుని, అడిగేసింది. డెబ్బై ఆరేళ్ల మనిషి కళ్లజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సీటొచ్చిందమ్మా. ఉత్తరం నేనే దాచేశాను," అన్నాడు. "మీ అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలే. చదువుకుంటే నువ్వూ వెళ్లిపోతావనిపించింది. ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉండటం నా వల్ల కాదనిపించింది."

పదకొండు నిమిషాలు మాట్లాడాడు. ఉత్తరం ఏ రంగు కవరులో వచ్చిందో, దాన్ని ఎన్నాళ్ళు దాచి చివరికి ఎన్ని ముక్కలు చేశాడో కూడా చెప్పాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. వీటి మధ్యలో, సీటొచ్చిందట, నాకు సీటొచ్చిందట అని పిచ్చి సంతోషం కూడా వచ్చింది, దానికి మాత్రం సిగ్గుపడింది. లేచి బటన్ నొక్కి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వెలిగించి, దాని మీద ఏమీ పెట్టకుండా నిలబడింది.

సోమవారం ఎడిటింగ్ గదిలో ఫైళ్లు తెరిచింది. రెండే ఉన్నాయి. మొదటిది రెండు సెకన్లు. రెండోదాంట్లో నాన్న ఒక్కడే కుర్చీలో కూర్చుని వంటింటి వైపు చూస్తున్నాడు, నలభై నిమిషాలు, ఒక్క మాట లేదు. సంగతి అర్థమయ్యేసరికి ఆవిడ తల పట్టుకుని కూర్చుంది. ఎర్రచుక్క చూసుకోకుండా బటన్ రెండుసార్లు నొక్కింది, ఇంకెవరో కాదు, తనే. వెనకనుంచి చూసిన పక్క బెంచీ పిల్ల, అదే ఇచ్చెయ్యమని, ఆర్టు సినిమా అనుకుంటారని సలహా పారేసింది. ఆవిడ ఫైలు మూసేసింది.

గడువు శుక్రవారం. మేడమ్ ఒకప్పుడు ఆ కిటికీ ముందు నిలబడి తిట్లు తిన్న పిల్లే కాబట్టి అడిగితే వారం పొడిగించేది. ఆవిడ అడగలేదు. వారాలు దొరికి ఏం లాభం, నాన్న మళ్ళీ చెప్పాలి గానీ.

నాన్న మొదట ససేమిరా అన్నాడు. రెండు రోజులు బతిమాలితే బుధవారం మధ్యాహ్నం, సరే, కానియ్యమన్నాడు. ఆయన కాలరుకి మైకు తగిలించి, ఎర్రచుక్క మూడుసార్లు చూసుకుని, మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

"సీటు రాలేదమ్మా," అన్నాడాయన సూటిగా లెన్సులోకి చూస్తూ. "వస్తే పంపకుండా ఉంటానా?"

వెలుతురు బాగా పడింది, మాట స్పష్టంగా వచ్చింది. ఇన్నేళ్లుగా చెప్పీ చెప్పీ అరిగిన మాట కదా, ఎక్కడా తడబడలేదు. దానికి ముందూ వెనకా నాలుగు పాత ఫొటోలు అతికిస్తే డిగ్రీ చేతికొచ్చేస్తుంది. అది అబద్ధమని కనిపెట్టగలిగే మనిషి మేడమ్ క్లాసులో ఒక్కరూ ఉండరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఒక్క క్షణం ఆశ కూడా పుట్టింది.

"మొన్న అలా చెప్పలేదు నాన్నా," అంది చివరికి.

"మొన్న నీకు చెప్పాను. ఇప్పుడు పదిమందికీ చెప్పమంటున్నావు."

ఆవిడ ఏదో గట్టిగా అనబోయింది. ఇన్నేళ్లు నేను మొద్దునని నన్ను అనుకోనిచ్చావు అనాలనుకుంది. ఇంతలో ఆయన చేతులు కాలరు దగ్గర తడుముకోవడం చూసి ఆగిపోయింది. మైకు క్లిప్పు ఒక పట్టాన ఊడిరాలేదు. ఊడదీసి, దాన్ని ఆవిడ వైపు చాచాడు.

"నా నోటితో కాదు. నువ్వు చెప్పు. నేను ఇక్కడే కూర్చుంటా."

ఆవిడ కెమెరా ఆపలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కన వేసుకుంది. కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడు కూడా రికార్డయింది. మైకు తగిలించుకుని లెన్సు వైపు చూసింది. ఒకసారి దగ్గి మొదలుపెట్టింది.

"నాకు సీటొచ్చింది," అంది. "మా నాన్న ఉత్తరం దాచేశాడు."

పక్కన ఆయన తల దించుకోలేదు. అవునన్నట్టు ఊపాడు.