మాకంటే ముందు బయల్దేరిన జాకెట్టు

మా చెల్లెలి పెళ్ళి ఆగిపోయేంత పని చేశాను నేను. మగపెళ్ళివారితో మాటామాటా వచ్చి కాదు, తాగి గొడవ చేసీ కాదు. ఒక తువ్వాలు వల్ల. అప్పుడే నవ్వకండి, నవ్వాల్సింది ఇంకా ముందుంది. అక్కడికి వచ్చాక నేనేమీ అడ్డు చెప్పను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. తిరువూరు, విజయవాడ తప్ప మూడో ఊరు ఎరగను. అయినా ప్రయాణాల విషయంలో నన్ను మించినవాడు లేడని గట్టి నమ్మకం. తిరువూరు బస్టాండులోకి బస్సు మలుపు తిరుగుతుండగానే పక్కన పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసిరి, కోరుకున్న సీట్లో పడేలా వేసేవాణ్ణి. తువ్వాలు పడ్డాక ఇంక తొందరేముంది? డ్రైవరు దిగి టీ తాగుతాడు, కండక్టరు బాత్రూముకి వెళ్తాడు, మనం కూడా ఒక టీ తాగి తీరిగ్గా ఎక్కొచ్చు. తువ్వాలున్న సీట్లో ఎవరూ కూర్చోరు. మా వీధిలో ఎవరు ఊరెళ్తున్నా "ప్రకాశూ, ఒక సీటు ఆపి పెట్టవయ్యా" అని నన్నే పిలిచేవారు. ఆ పిలుపులు నా తలకి బాగా ఎక్కేశాయి.

మా చెల్లెలు గ్రేస్ హైదరాబాదులో నర్సు. పెళ్ళి కూడా అక్కడే, అమీర్‌పేట దగ్గర చర్చిలో, ఉదయం పదిన్నరకి. పన్నెండింటికి అదే చర్చిలో ఇంకో పెళ్ళి ఉంది కాబట్టి నిమిషం ఆలస్యమైనా కుదరదని పాస్టరుగారు ముందే చెప్పేశారు. అమ్మ, నాన్న, చుట్టాలు అందరూ రెండు రోజుల ముందే వెళ్ళిపోయారు. నేను మాత్రం జాకెట్టు కోసం ఆగాను.

ఆ జాకెట్టు సంగతి చెప్పాలి. పెళ్ళికి కట్టుకునే తెల్లచీర మీదికి తెల్ల పట్టు జాకెట్టు, చేతుల నిండా ముత్యాల పని. "హైదరాబాదులో ఎవరు కుట్టినా నాకు చంకల దగ్గర పట్టేస్తుంది" అని గ్రేస్ పట్టుబట్టి మా బజారు టైలరుకే ఇచ్చింది. ఆయనేమో "రేపు, రేపు" అంటూ నలభై రోజులు తిప్పి, సరిగ్గా పెళ్ళి ముందురోజు సాయంత్రం చేతికిచ్చాడు. దాన్ని నీలం బ్యాగులో పెట్టుకుని రాత్రి బస్సెక్కాను. నాతో పాటు మా పెద్దమ్మ. ఎ.కొండూరులో టీచరుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళ నొప్పులు, నేను రాలేనని నెల రోజులు చెప్పి, ఆఖరి రోజు మనసు మార్చుకుంది.

పొద్దున్నే ఎల్బీనగర్లో దిగాం. రోడ్డు పక్క హోటల్లో మొహాలు కడుక్కుని టిఫిను తినేసరికి ఎనిమిదైంది. "మెట్రో ఎక్కేయండి బావగారూ, ముప్పావుగంటలో అమీర్‌పేట" అని కాబోయే బావ ఫోన్లో చెప్పాడు. ఆయనకేం, చెప్పేశాడు.

స్టేషన్లోకి అడుగుపెట్టింది మొదలు నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. టికెట్టడిగితే ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చారు. కండక్టరు ఎక్కడని అడిగితే లేడన్నారు. బ్యాగుని ఒక మిషన్లో పెట్టమంటే పెట్టాను, అది లోపలికి వెళ్ళి మాయమైంది.

"ఒరేయ్, పెళ్ళిజాకెట్టుని ఒంటరిగా పంపించావేంట్రా?" అంది పెద్దమ్మ కంగారుగా.

"అటుపక్క నుంచి వచ్చేస్తుంది పెద్దమ్మా."

"వచ్చేదాకా నాకు నమ్మకం లేదు."

వచ్చింది. ఆ ధైర్యమే నా కొంప ముంచింది.

తరవాత కదిలే మెట్లు వచ్చాయి. వాటి మీద కాలు పెట్టనంటే పెట్టనంది పెద్దమ్మ. "నేను మామూలు మెట్లెక్కి నెమ్మదిగా వస్తాను, నువ్వు పైకెళ్ళి సీటు చూడు. అంతసేపు నిలబడితే చర్చిలో మోకరించలేను నాయనా" అంది. నేను రెండేసి మెట్లు దూకి పైకెళ్ళాను. రైలు ఆగి ఉంది, తలుపులు బార్లా తీసి ఉన్నాయి, జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. కిటికీ కోసం చూశాను. కిటికీలు తెరుచుకునేవి కావు. పోనీలే అని తలుపులోంచి దూరి, ఖాళీ సీటు చూసి పచ్చగళ్ళ తువ్వాలు వేశాను. ఏసీ గాలికి దాని కొస కదిలింది. వట్టి తువ్వాలైతే ఎవరైనా పక్కకి జరిపేస్తారేమో అని అనుమానం వచ్చి బ్యాగు దాని మీద పెట్టాను.

ఇక సీటు మనదే. డ్రైవరు టీ తాగి రావాలి, ఎవరో ఒకరు రైట్ రైట్ అనాలి. బోలెడంత టైముంది. దిగి, పెద్దమ్మకి చెయ్యందిద్దామని మెట్ల దగ్గరికి వెళ్ళాను. వెనక టింగుటింగుమని ఏదో మోగింది. తిరిగి చూసేసరికి తలుపులు మూసుకున్నాయి. పరిగెత్తుకెళ్ళి బస్సుని కొట్టినట్టు రైలుని రెండు దెబ్బలు కొట్టి "ఆపండి! హోల్డాన్!" అని అరిచాను. అద్దంలోంచి జనం నన్ను జాలిగా చూస్తూ వెళ్ళిపోయారు.

అరుపు విని యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది సార్?"

"బ్యాగు వెళ్ళిపోయిందండీ! రైల్లో!"

"ఏ బోగీ?"

"ముందు నుంచి... అంటే వెనక నుంచి... అసలు దీనికి ముందెటండీ?"

"బ్యాగు ఎలా ఉంటుంది?"

"నీలం బ్యాగండీ. కింద పచ్చగళ్ళ తువ్వాలుంటుంది."

"తువ్వాలెందుకు?"

"సీటాపడానికండీ."

"ఎవరి కోసం?"

"మా పెద్దమ్మ కోసమండీ."

"ఆవిడెక్కడున్నారు?"

"మెట్లెక్కుతున్నారండీ."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడుతోందని తెలుస్తూనే ఉంది. ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, "ఆఖరి స్టేషను మియాపూరులో మావాళ్ళు చూస్తారు. మీరు వెనక రైల్లో వెళ్ళండి. బ్యాగు ఎవరూ తీసుకెళ్ళకపోతే దొరుకుతుంది" అంది. ఆ ఆఖరి ముక్క అనకపోతే బాగుండేది.

అప్పటికి పెద్దమ్మ పైకి వచ్చింది. "సీటు దొరికిందా?"

"దొరికింది పెద్దమ్మా. వెళ్ళిపోయింది."

విషయం విని ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "ప్రభువా" అని గుండెల మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. అదే సమయానికి గ్రేస్ ఫోను.

"అన్నయ్యా, జాకెట్టు బయల్దేరిందా?"

"బయల్దేరిందమ్మా." ఇందులో అబద్ధమేముంది? మేమే ఇంకా బయల్దేరలేదు.

వెనక రైలు ఎక్కాం. ఎక్కగానే కాలేజీ పిల్ల ఒకతి లేచి "కూర్చోండి ఆంటీ" అని పెద్దమ్మకి సీటిచ్చింది. పెద్దమ్మ కూర్చుని, "చూశావా, తువ్వాలు లేకుండానే సీటొచ్చింది" అంది. ఆ మాటతో నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో ఎదురుగా ఒక రైలు వెళ్ళింది. మా బ్యాగు అప్పుడే తిరిగొచ్చేస్తోందేమో అని అద్దానికి ముక్కు ఆనించి చూశాను. ఇంకొకటి వెళ్ళింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఎటు వెళ్తోందో, మేము ఎటు వెళ్తున్నామో కూడా కాసేపు తెలియలేదు. ఈలోగా అమీర్‌పేట వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి.

"ఒరేయ్, మనం దిగాల్సింది ఇక్కడే కదరా?"

"జాకెట్టు లేకుండా దిగి ఏం చేస్తాం పెద్దమ్మా?"

తలుపులు మూసుకున్నాయి. గ్రేస్ మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. పెళ్ళికూతురు ఏదో పాత జాకెట్టు వేసుకుని, పిన్నీసులు పెట్టుకుని ఏడుస్తూ చర్చిలోకి నడుస్తున్నట్టు కళ్ళకి కట్టింది. ఇక నేను ఏ మొహం పెట్టుకుని తిరువూరు వెళ్తాను?

మియాపూరులో దిగేసరికి తొమ్మిదీ పావు దాటింది. ప్లాట్‌ఫాం మీద ఒక బెంచీ. బెంచీ మీద పచ్చగళ్ళ తువ్వాలు పరిచి ఉంది, దాని మీద నీలం బ్యాగు. పక్కన పంచె కట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు, ఆయన పక్కన సెక్యూరిటీ మనిషి. పరిగెత్తుకెళ్ళి బ్యాగు తెరిచి చూశాను. జాకెట్టు నలగకుండా ఉంది. ఆయన కాళ్ళ మీద పడబోయాను.

"నీదేనా బాబూ? ఎంతసేపటికీ రావేంటి? మాది గంపలగూడెం. మా అమ్మాయి ఇంటికొచ్చా. ఎల్బీనగర్లో ఎక్కేసరికి ఈ తువ్వాలు కనపడింది. ఎవరో మనవైపు వాళ్ళే అనుకున్నా."

"మీరు కూర్చోలేదాండీ?"

"తువ్వాలేసుంటే ఎలా కూర్చుంటాం? దారిలో నలుగురైదుగురు కూర్చోబోయారు. ఆగండయ్యా, మనిషి టీ తాగడానికి దిగాడు, వచ్చేస్తాడని చెప్పా. బ్యాగెవరిదని వీళ్ళొచ్చి అడిగితే మావాడిదే అన్నా."

ఎల్బీనగర్ నుంచి మియాపూరు దాకా ఆ పెద్దాయన నా సీటుకి కాపలాగా నిలబడే వచ్చాడు. దిగాక కూడా బెంచీ మీద తువ్వాలు పరిచి, తను మాత్రం కూర్చోలేదు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. పెద్దమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని అక్కడే చిన్న ప్రార్థన చేసింది. ఆయన కూడా కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాడు, తరవాత పెళ్ళికి రమ్మంటే "మా అమ్మాయి టిఫిను పెట్టుకుని కూర్చుంటుంది" అని వెళ్ళిపోయాడు.

పది దాటాక చర్చికి చేరాం. పదిన్నరకి గ్రేస్ ఆ జాకెట్టుతోనే లోపలికి నడిచింది. చంకల దగ్గర ఎక్కడా పట్టెయ్యలేదు. భోజనాల దగ్గర నేను చెమటలు కక్కుతూ పులిహోర వడ్డిస్తుంటే నా పక్కకొచ్చి, "అన్నయ్యా, మొహం తుడుచుకో. నీ తువ్వాలేది?" అంది.

భుజం తడుముకున్నాను. లేదు. మియాపూరులో రైలెక్కగానే, బోగీ అంతా ఖాళీగా ఉన్నా సరే, అలవాటు కొద్దీ పెద్దమ్మ కోసం తువ్వాలు వేశాను. పెద్దమ్మ దాన్ని ఒక చూపు చూసి పక్క సీట్లో కూర్చుంది. అమీర్‌పేటలో జాకెట్టు బ్యాగు గుండెలకి హత్తుకుని దూకేశాను కానీ తువ్వాలు సంగతి మరిచిపోయాను. మనవైపు వాళ్ళెవరైనా ఆ రైలెక్కి ఉంటే, ఆ సీట్లో ఇప్పటికీ ఎవరూ కూర్చుని ఉండరు.

అందుచేత పెద్దమ్మ మోకాళ్ళ సాక్షిగా, గంపలగూడెం పెద్దాయన సాక్షిగా ఇదే నా ప్రమాణం: ఇక నేను బతికుండగా, నాకంటే ముందు నా తువ్వాలు ఏ బండీ ఎక్కదు. ఒక్క విజయవాడ బస్సు తప్ప. దాంట్లో సీటు దొరకదండీ మరి, ఏం చెయ్యమంటారు?