గేదె అధ్యక్షతన మా బాబాయి

మా చెన్నకేశవులు బాబాయి రోజూ పొద్దున్నే వేపపుల్ల నములుతూ దొడ్లోకి వెళ్ళి, గేదెకు ఎదురుగా నిలబడి, "అధ్యక్షా!" అని మొదలుపెట్టేవారు. మొదలుపెట్టడం ఒక్కటే ఆయనకు తెలుసు. ముగించడం రాదు.

నరసరావుపేటలో వకీలు. యాభై అయిదులో శాసనసభకు కూడా గెలిచారు. ప్రసంగం నచ్చి ఓట్లేశారంటే నేను నమ్మను. ఇకనైనా ఆపుతారని వేసి ఉంటారు. సభలో ఎత్తిపోతల నీళ్ళ గురించి లేచి, సున్నపురాయి మీదుగా మిరపతోటల్లోకి వెళ్ళి, గంట మోగేసరికి ఇంకా నీళ్ళ దగ్గరికి చేరలేదు. కోర్టులో ఆయన వాదన వినలేక అవతలి పక్షం రాజీకొచ్చేది. ఒక్కోసారి ఇవతలి పక్షమే వచ్చేది.

ఇంట్లోనూ అంతే.

"కూరలో ఉప్పు చాలిందా?" అని యశోద పిన్ని అడిగితే ఉప్పు సత్యాగ్రహం ఎత్తుకునేవారు.

"చాలిందో లేదో చెప్పండి ముందు!"

"అక్కడికే వస్తున్నాను అధ్యక్షా!"

"నేనే అధ్యక్షురాలినైతే మీ మైకు ఎప్పుడో పీకించేదాన్ని."

ఇలాంటి మనిషిని నమ్ముకుంది రూతమ్మ. దుర్గి దగ్గర మా ఊళ్ళో ఆమె ఇంటిస్థలం తనదంటూ ఒక మోతుబరి డిక్రీ తెచ్చుకున్నాడు. బాబాయి అప్పీలు వేశారు. గుంటూరు కోర్టు స్టే ఇచ్చింది కానీ, ఆ కాగితంతో గుమాస్తా మీరా సాహెబ్ ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా మస్తాన్‌రావు మాత్రం కూలీలతో మధ్యాహ్నమే దిగాడు.

"కాగితం చూపించండి, ఆగుతా. లేదంటే నా పని నన్ను చేసుకోనియ్యండి."

"చేసుకోండి. రెండు ముక్కలు చెప్పి తప్పుకుంటా. అధ్యక్షా!"

బాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. సెలవులకు వచ్చిన నేను సిగ్గుతో పిన్ని వెనక దాక్కున్నాను. ఇంటి పునాది దగ్గర మొదలై, కోటప్పకొండ ప్రభలు ఎక్కి, పలనాటి యుద్ధంలో దిగారు. ఎమ్మెల్యేని నెట్టే ధైర్యం మస్తాన్‌రావుకు లేదు. కూలీలు బీడీలు ముట్టించారు.

"నా ఇల్లు పోతా ఉంటే ఎప్పటిదో యుద్ధం సంగతి నాకేందయ్యా!" అని రూతమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఆపమని చెప్పండమ్మా మీ ఆయనకి!" అని మస్తాన్‌రావు పిన్నిని బతిమాలాడు.

"పెళ్ళయిన కాణ్ణించీ చెబుతానే ఉన్నా నాయనా," అంది పిన్ని.

వాగుతూనే బాబాయి మాటిమాటికీ ఎదురుగా ఉన్న చర్చి వైపు చూస్తున్నారు. గోడ మీది ఎండ మెల్లగా పైకి పాకుతోంది. శిలువ మీద ఆ కాస్త వెలుగూ పోగానే, వాక్యం సగంలో ఉండగానే, ఆయన ఆగిపోయారు.

ఆయన ఆగడం మేమెవరం ఎన్నడూ చూడలేదు. పిన్ని హడలిపోయి మంచినీళ్ళకు పరిగెత్తింది.

"పొద్దు గూకింది, మస్తాన్‌రావు గారూ. ఇక కాపురమున్న ఇంట్లోకి డిక్రీ పట్టుకుని అడుగుపెట్టకూడదు. చట్టం. రేపు రండి."

మర్నాడు తొలి బస్సులో మీరా సాహెబ్ స్టే కాగితంతో దిగాడు. అప్పీలు గెలిచింది. ఇల్లు నిలిచింది.

అరవై రెండులో బాబాయి ఓడిపోయారు. ప్రచార సభలు పెట్టకపోతే గెలిచేవారని పిన్ని ఇప్పటికీ అంటుంది. గేదెను అమ్మేసి ఊరికి వచ్చేశారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే వేపపుల్లతో రూతమ్మ ఇంటి ముందుకు వెళతారు. ఆమె గుమ్మంలో కూర్చుని, ఆయన మాట్లాడినంత సేపూ వింటుంది.