పేరు పెట్టి పిలవలేని నోరు

ఎనభైల మొదట్లో అమెరికాలో, రాలీ అనే ఊరి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేదాన్ని. ఆశ్రమం ఉన్న మోరిస్‌విల్ చుట్టూ అప్పటికింకా పొగాకు పొలాలే. మొదటి రెండేళ్ళూ పక్కబట్టలు మార్చాను, స్నానాలు చేయించాను. తర్వాత శిక్షణ ఇప్పించి, పరీక్ష పాసయ్యాక మందుల బండి నా చేతికిచ్చారు. డాక్టర్ రాసింది చూసుకుని, వేళకి ఎవరి మాత్రలు వాళ్ళకివ్వడం, ఇచ్చినట్టు పుస్తకంలో సంతకం పెట్టడం నా పని. తాళంచెవుల గుత్తి నడుముకి తగిలించుకుని తిరుగుతుంటే నా అంతది లేదనుకునేదాన్ని.

మాత్ర ఇచ్చే ముందు మనిషిని పేరు పెట్టి పిలవాలి. మొదటి పాఠమే అది. అక్కడే నాకు నోరు పెగిలేది కాదు. కట్టుకున్నాయన్నే ఏనాడూ పేరు పెట్టి పిలవనిదాన్ని, మా అమ్మమ్మ ఈడు వాళ్ళని ఎలా పిలుస్తాను? అందరినీ గ్రాండ్‌మా, గ్రాండ్‌పా అనేసి, మొహమూ కుర్చీ గుర్తుపెట్టుకుని ఇచ్చేదాన్ని. పైగా ఎంత మర్యాదస్తురాలినో అని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

ఒక పొద్దున టిఫిన్ల దగ్గర ఇద్దరు పెద్దావిడలు కుర్చీలు మార్చుకున్నారు. ఒకావిడకి కిటికీ ఎండ కళ్ళల్లో పడుతోందట. ఇద్దరివీ ముగ్గుబుట్ట లాంటి తలలే, ఇద్దరికీ కళ్ళజోళ్ళే. మొదటావిడ మాత్ర మింగేసింది. రెండో ఆవిడకి ఇవ్వబోతే చేతిలోకి చూసి, ఇది నాది కాదే, నాది బీపీ మాత్ర కదా అంది. గబగబా పుస్తకం తీసి చూశాను. ఆవిడ బీపీ మాత్ర పక్కావిడ కడుపులో ఉంది. ఆ పక్కావిడ రిటైరయిన పంతులమ్మ. అసలే ఆవిడకి బీపీ తక్కువ.

జరిగింది ఇంకెవరికీ అర్థం కాలేదు. నోరు మూసుకుంటేనో అనిపించింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. చెబితే ఉద్యోగం పోతుంది, సర్టిఫికెట్ పోతుంది. అయినా పంతులమ్మ మొహం చూశాక ఆగలేకపోయాను. వెళ్ళి హెడ్‌నర్సుకి చెప్పేశాను. ఆవిడ నా వంక చూడనైనా చూడకుండా డాక్టర్‌కి ఫోన్ చేసింది. పడుకోబెట్టి పావుగంటకోసారి బీపీ చూడమన్నాడాయన. పంతులమ్మ పక్కనే కూర్చుని చూసింది నేనే. అంకెలు దిగుతుంటే, ప్రభువా, నా ఉద్యోగం పోతే పోనీ, ఈవిడకేం కాకూడదు అని తెలుగులో గొణుక్కున్నాను.

మధ్యాహ్నానికి బీపీ మెల్లగా పెరిగింది. పంతులమ్మ కళ్ళు తెరిచి ఎందుకేడుస్తున్నావని అడిగింది. చేసిన తప్పూ, పేరు పలకలేని నా నోరూ, మావాళ్ళ పద్ధతీ అంతా చెప్పుకున్నాను. కోప్పడలేదు.

"మా అక్క పోయాక నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఇక్కడందరికీ నేను హనీని, నీకు గ్రాండ్‌మాని. నాకసలు పిల్లలే లేరు. పేరు మాత్రం ఉంది. అలా పిలువు" అంది.

సాయంత్రం, ఇక పంపేస్తారనుకుని సంచీ సర్దుకుంటుంటే హెడ్‌నర్సు వచ్చింది. "రేపు ఏడింటికల్లా రా. బండి నువ్వే తోస్తావు, పక్కన నేనుంటాను. ఒక్క పేరు మింగినా ఊరుకోను" అంది. అన్నట్టే నెల రోజులు నా వెంట నడిచింది ఆ మహాతల్లి. ఆవిడ చేసిన మేలు ఈ జన్మలో మరిచిపోలేను. ఇంట్లో సంగతి చెబితే, కొంపదీసి నన్నూ పేరు పెట్టి పిలవడం మొదలుపెడతావా ఏంటి అన్నారు మా ఆయన.

తప్పు జరిగిన మర్నాడే పంతులమ్మ ఎదుట నిలబడి, చెమటలు కక్కుతూ పేరు పలికాను. ఆవిడ బడిపిల్లలా చెయ్యెత్తి "ప్రెజెంట్" అంది. ఆ తర్వాత రోజూ అదే వరస. పక్క కుర్చీలోని బీపీ మాత్ర ఆవిడ రోజూ నవ్వేది.

కొన్నాళ్ళకి అక్కడే మందులిచ్చేవాళ్ళందరికీ పైన లీడ్‌నయ్యాను. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే నా తప్పు చెప్పేదాన్ని. నేను లీడ్‌నయిన ఏడాదే పంతులమ్మ పోయింది. మర్నాడు పొద్దున బండి తోసుకుంటూ వెళ్ళి, అలవాటు కొద్దీ ఖాళీ కుర్చీ దగ్గర ఆగి ఆవిడ పేరు పిలిచేశాను. నాలిక కరుచుకుని బండి కదపబోయాను. అప్పుడు పక్క కుర్చీలో బీపీ మాత్ర ఆవిడ మెల్లగా చెయ్యెత్తి, "ప్రెజెంట్" అంది.